‘పోయిండు’ అంటే ఎర్ర గీత

నేను టాబ్లెట్లకు వ్యతిరేకిని కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. రిటైరైన టీచరు ఏదైనా రాయడం మొదలుపెడితే పలకా బలపాల కాలమే బాగుండేదని దెప్పడానికే అనుకుంటారు చాలామంది. అది కాదు. ఇది నా సంగతి.

మొన్న ఉప్పల్‌లో కొత్త టీచర్లకు శిక్షణ జరుగుతుంటే నన్ను పిలిచి, ప్రైమరీ తరగతిలో డిజిటల్ సాధనాలు ఎలా వాడానో చెప్పమన్నారు. బొమ్మల పాఠాల గురించి చెప్పాను, పెద్ద తెర మీద పిల్లలు వేలితో అక్షరాలు దిద్దడం గురించి చెప్పాను. చప్పట్లు కొట్టారు. చివర్లో వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, “మేడం, మీరు చేసిన తప్పు ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి. మాకు అదే ఎక్కువ పనికొస్తది” అంది. “చిన్నచిన్నవి అందరికీ ఉంటాయమ్మా” అని నవ్వి కూర్చున్నాను. అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదవండి.

నా సర్వీసులో చివరి రెండేళ్లు నాచారంలో, కంపెనీల వెనక సందులో ఉన్న ఒక చిన్న సర్కారు బడిలో గడిచాయి. ఐదు తరగతులు, ముగ్గురు టీచర్లం. హెడ్మాస్టరు గారు, నేను, మల్కాజిగిరి నుంచి బండి మీద వచ్చే ఒక యువ టీచరు. పిల్లలందరి అమ్మానాన్నలూ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్లే. పొద్దున సైరన్ మోగితే వాళ్లు గేటు లోపలికి పోయేవాళ్లు, వీళ్లు బడి లోపలికి వచ్చేవాళ్లు.

ఆ ఏడు ఒక సంస్థ వాళ్లు మా బడికి పన్నెండు టాబ్లెట్లు, గోడకు బిగించే పెద్ద తెర ఒకటి ఇచ్చారు. అప్పటికి నాకు ఫోనులో మెసేజ్ పంపడం తప్ప ఏమీ రాదు. హెడ్మాస్టరు గారు ఆ డబ్బాలను బీరువాలో పెట్టి తాళం వేయబోతుంటే, “నేను నేర్చుకుంటాను సార్” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఏది నొక్కితే ఏమొస్తుందో ఒక్కొక్కటే రాసుకుంటూ నెల రోజుల్లో నేర్చుకున్నాను. యాభై తొమ్మిదేళ్ల వయసులో! చుట్టుపక్కల బడుల టీచర్లు వచ్చి చూసిపోయేవారు. హెడ్మాస్టరు గారు నన్ను “మా డిజిటల్ మేడం” అని పరిచయం చేసేవారు. అంత మర్యాద నాకు అంతకుముందు ముప్పై ఏళ్లలో దక్కలేదు. ఆ మర్యాద తలకెక్కింది. మిగిలిందంతా అక్కడి నుంచే మొదలైంది.

టాబ్లెట్లలో చదివించే యాప్ ఒకటి ఉండేది. అందులో ప్రతి పిల్లకూ ఒక ఫొటో. ఫొటో మీద వేలు పెడితే ఆ పిల్ల పాఠం తెరుచుకుంటుంది. పిల్ల గట్టిగా చదువుతుంటే యాప్ వింటుంది. తెర మీద ఉన్న మాట ఉన్నట్టుగా నోట వస్తే దాని కింద ఆకుపచ్చ గీత, వేరేగా వస్తే ఎర్ర గీత. శనివారం నాడు ఎవరికెన్ని పచ్చ, ఎవరికెన్ని ఎరుపు అని పేర్లతో సహా పెద్ద తెర మీద చూపిస్తుంది. అలా చూపించాలని యాప్ అడగలేదు. చూపించే బటన్ ఉంది కదా అని నేనే నొక్కేదాన్ని.

నా మూడో తరగతిలో ఒక పాప ఉండేది. నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి లారీ మీద పోయేవాడు, వారాల తరబడి ఇంటికి రాడు. తల్లి మందుల కంపెనీలో డబ్బాలు సర్దే పని. పాప సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. పుస్తకం ఇస్తే నాలుగు పేజీలు ముందుకు పోయి చదివేసి, ఆ కథ పక్కదానికి చెప్పేసేది.

ఆ పాప మొదటిసారి టాబ్లెట్ పట్టుకున్న రోజు బాగా గుర్తుంది. తెర మీద “రైతు పొలానికి వెళ్లాడు” అని ఉంది. పాప తడుముకోకుండా, “రైతు పొలానికి పోయిండు” అని చదివింది. ఎర్ర గీత. “ఎద్దులను తోలుకొచ్చాడు” అని ఉంటే “ఎడ్లను తోల్కొచ్చిండు” అంది. రెండు ఎర్ర గీతలు. పిల్లలు నవ్వారు, పాప కూడా నవ్వింది. నేను, “ఉన్నది ఉన్నట్టు చదవాలి” అన్నాను.

అది తప్పు మాట కాదు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవడం పిల్లకు నేర్పాల్సిందే. కానీ నేర్పడానికి టీచరుకు ఓపిక ఉండాలి, పిల్లకు వ్యవధి ఇవ్వాలి. నేను ఆ రెండింటి బదులు గీతలు లెక్కపెట్టాను. నాలుగు శనివారాలు వరసగా పెద్ద తెర మీద ఆ పాప పేరు అందరికంటే కింద, ఎర్రగా కనిపించింది. రెండో శనివారానికి పాప నవ్వడం మానేసింది. నాలుగో శనివారానికి పక్కపిల్లలు ఆమెను “ఎర్ర గీత” అని పిలవడం మొదలుపెట్టారు. నేను విన్నాను. ఒకసారి కసిరి ఊరుకున్నాను.

యువ టీచరు ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా నాతో అన్నాడు, “మేడం, ఆ పిల్ల తప్పు చదువుతలేదు. ‘వెళ్లాడు’ అంటే ఏందో సమజ్ కాకుంటే ‘పోయిండు’ అని ఎట్లంటది? అర్థం చేసుకొని, వాళ్లింట్ల మాటల చెప్తుంది. అది మిషన్‌కు ఎట్ల తెలుస్తది?”

“నీకంటే మిషన్‌కే ఎక్కువ తెలుసులే” అన్నాను.

అతను టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని లేచాడు.

అతను చెప్పింది నాకు తెలియక కాదు. నాకంటే బాగా ఎవరికీ తెలియదు. మాది భువనగిరి దగ్గర ఒక పల్లె. టీచర్ ట్రైనింగులో నా మొదటి పాఠం రోజున, బోర్డు ముందు నిలబడి “రాజు అడవికి పోయిండు పిల్లలూ” అన్నాను. వెనక కూర్చున్న తోటివాళ్లు పగలబడి నవ్వారు. లెక్చరర్ గారు నా పుస్తకంలో “భాష మెరుగుపడాలి” అని ఎర్ర సిరాతో రాశారు. ఆ సాయంత్రం హాస్టల్లో అద్దం ముందు నిలబడి “వెళ్లాడు, వచ్చాడు, చేశాడు” అని నోరు తిప్పుకున్నాను. అప్పటి నుంచి బడిలో నా నోట ‘పోయిండు’ రాలేదు. మా అమ్మతో తప్ప ఇంకెవరితోనూ నేను ఆ మాట మాట్లాడలేదు. నన్ను ఏడిపించిన దాన్నే తీసుకొచ్చి, ఇంకా తొమ్మిదేళ్లు నిండని పిల్ల మీద పెట్టాను. అదీ గోడంత తెర మీద.

సంక్రాంతి సెలవులకు ముందు, టాబ్లెట్లు ఇచ్చిన సంస్థవాళ్లతో కలిసి ఒక అధికారి మా బడి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. మా తరగతి ఫలితాలు చూసి మిగతా బడులకు కూడా ఇద్దామని వాళ్ల ఆలోచన. ముందు రోజు సాయంత్రం హెడ్మాస్టరు గారూ నేనూ తెర ముందు కూర్చుని చూశాం. ఇరవై ఆరు పేర్లలో ఇరవై ఐదు పచ్చగా ఉన్నాయి. ఒక్కటి ఎర్రగా ఉంది.

“ఒక్క పేరే కదా మేడం” అన్నారాయన. “రేపటికి ఏమైనా చేయొచ్చేమో చూడండి.”

ఏం చేయమన్నారో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. చెప్పకుండానే అర్థమయ్యే మాటలు కొన్ని ఉంటాయి ఉద్యోగంలో.

మర్నాడు పొద్దున్నే క్లాస్ లీడర్‌ను పిలిచాను. బాగా చదివే పిల్ల, గొంతు గణగణలాడుతుంది. ఖాళీగా ఉన్న ఐదో తరగతి గదిలోకి తీసుకుపోయి, టాబ్లెట్‌లో ఆ పాప ఫొటో మీద వేలు పెట్టి పాఠం తెరిచాను. “చదువమ్మా” అన్నాను.

లీడర్ తెర వంక చూసి, “మేడం, గిది నా ఫొటో కాదు” అంది.

“తెలుసులే. నువ్వు చదువు.”

చదివింది. మూడు పేజీలు. ఒక్క ఎర్ర గీత పడలేదు. అయిపోయాక ఆ పిల్ల నన్ను అడిగింది, “మేడం, సార్లు అడిగితే నేనే సదివిన అని చెప్పాల్నా, వద్దా?”

“వద్దు” అన్నాను. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ రోజు నేను నేర్పిన పాఠం అదే. తల పైకెత్తి చూస్తే తలుపు దగ్గర యువ టీచరు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. తన తరగతికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అన్నం తినేటప్పుడు నా పక్కన కూర్చోలేదు.

అధికారి మంచి మనిషి. పిల్లలతో కింద కూర్చుని మాట్లాడారు. తర్వాత పెద్ద తెర మీద పేర్లు చూస్తూ, ఒకచోట ఆగిపోయారు. “ఈ పాప పోయిన నెలంతా ఎరుపు, ఇప్పుడు మొత్తం పచ్చ! ఎవరమ్మా, ఒకసారి లేచి నిలబడు” అన్నారు.

పాప లేచింది. తెర మీద తన పేరు చూసింది. తర్వాత లీడర్ వంక చూసింది. లీడర్ తల వంచుకుంది. తరగతి మొత్తానికి అర్థమైంది. అర్థం కానిది బయటి నుంచి వచ్చిన పెద్దవాళ్లకే. అధికారి తన సంచిలోంచి రంగు పెన్సిళ్ల డబ్బా తీసి పాప చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. ఆ ఫొటోలో పాప పక్కన నేనున్నాను, నవ్వుతూ.

సెలవులు అయిపోయి బడి తెరిచాక పాప చదవడం మానేసింది. మాట్లాడేది, లెక్కలు చేసేది, అన్నం పళ్లెం కడుక్కునేది. పుస్తకం ముందు పెడితే మాత్రం నోరు విప్పేది కాదు. టాబ్లెట్ వంతు వస్తే రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. కాసేపటికి టాబ్లెట్, “వినబడలేదు, మళ్లీ చదవండి” అనేది. ఇంకాసేపటికి మళ్లీ అదే మాట. పాప పెదవులు బిగించుకుని తెర వంకే చూసేది.

మూడో వారంలో తల్లి వచ్చింది. కంపెనీలో పర్మిషన్ తీసుకుని, తలకు పెట్టుకునే నీలం టోపీతోనే వచ్చింది. చేతిలో రంగు పెన్సిళ్ల డబ్బా. మూత కూడా తీసినట్టు లేదు.

“మేడం, గివి మా పిల్లయి గావంట” అంది. “నావి గావు, నావి గావు అంటది గని ఎవరియో చెప్పది. ఎవల పిల్లయన్న ఎత్కచ్చిందేమో అని రెండు దెబ్బలు గూడ ఏసిన. ఎవలయి మేడం? ఇచ్చేద్దమని తెచ్చిన.”

“లేదమ్మా, దొంగతనం కాదు. పెద్ద సార్ ఇచ్చారు. బాగా చదివినందుకు” అన్నాను. తెర మీది ఫలితం తర్వాత ఇది రెండో అబద్ధం. ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక నేను హాజరు పట్టీ వంక చూశాను.

“గట్లనా!” అంది. మళ్లీ వెంటనే, “మరి ఇంట్ల సదువుడెందుకు బందు జేసింది మేడం?” అని అడిగింది. “నాకు సదువు రాదు. దినాం అన్నం తినే ముంగట బైబిల్ల వాక్యం అదే సదివి వినిపిచ్చేది. పుస్తకంల ఉన్నట్టు సదివితే నాకు సమజ్ గాదు, గదంత పాత తెలుగు. గందుకని అది పుస్తకం సూస్కుంట మా ఇంట్ల మాటల చెప్పేది. ‘వచ్చెను’ అని ఉంటే ‘అమ్మా, ఆయన వచ్చిండంట’ అనేది. రెండేండ్ల సంది గట్లనే. ఇప్పుడు పుస్తకమే తియ్యది. ఏందే అంటే, నేను తప్పు సదువుతనే అమ్మా అంటది.”

తెర మీద ఉన్న మాటను ఆ పిల్ల ‘పోయిండు’ అని ఎందుకు చదివేదో అప్పుడు అర్థమైంది. చదవడమంటే ఆమెకు అదే. కళ్లతో ఒకటి చూసి, ఎదురుగా కూర్చున్న మనిషికి తెలిసే మాటలో చెప్పడం. అంత పని చేస్తున్న పిల్లకు నేను నాలుగు వారాలు ఎర్ర రంగు పూశాను. ఆ తర్వాత ఆమె గొంతే తీసేసి, ఇంకొకరి గొంతు పెట్టాను.

ఇదంతా ఆ తల్లికి అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ నా నోట వచ్చింది వేరే. “మిషన్‌కు మన మాట సమజ్ గాదు చెల్లె. తప్పు దానిది. నీ బిడ్డది గాదు” అన్నాను.

ఎన్నో ఏళ్ల తర్వాత బడిలో నా సొంత మాట మాట్లాడిన రోజు అది. ఆ మాటను దాక్కోవడానికి వాడుకున్నాను. నేను తనలాగే మాట్లాడేసరికి ఆమె నన్ను నమ్మేసింది. “గట్లనా మేడం, పాపం మిషన్‌కేం తెలుస్తది” అని నవ్వి, పెన్సిళ్ల డబ్బా పట్టుకుని కంపెనీకి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు బడి విడిచాక పాపను ఉండమన్నాను. టాబ్లెట్ తెరిచి, నా పేరుతో ఉన్న పాఠం నేనే చదివాను, మా ఊరి మాటలో. “రైతు పొలానికి పోయిండు. ఎడ్లను తోల్కొచ్చిండు.” గీతలు వరసగా ఎర్రగా పడ్డాయి. పాప కళ్లు పెద్దవి చేసి చూసింది.

“మీకు గూడ ఎర్ర గీతనేనా మేడం?”

“నాకు గూడ బిడ్డా. మా అమ్మ సదివినా గంతే.”

పాప నవ్వింది. రెండు వారాలకు మెల్లగా చదవడం మొదలుపెట్టింది. ముందు పుస్తకంలో ఉన్నట్టు చదివేది, తర్వాత ఇంటి మాటలో చెప్పేది. శనివారం పేర్లు తెర మీద చూపించడం నేను ఆపేశాను. యువ టీచరు మళ్లీ నా పక్కన కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టాడు. ఒకరోజు ధైర్యం చేసి హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయి, “ఆ రోజు ఫలితం తప్పని అధికారికి చెబుదాం సార్” అన్నాను. “అయిపోయిన ముచ్చట మేడం. రిపోర్టు పైకి పోయింది. మీరు రిటైరయ్యే ముంగట ఎందుకీ లొల్లి?” అన్నారాయన. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలగలేదు. హాయిగా అనిపించింది. దాచకుండా చెబుతున్నాను, హాయిగానే అనిపించింది. ఇక అంతా సర్దుకుందనుకున్నాను.

ఏప్రిల్‌లో తల్లీకూతుళ్లు టీసీ కోసం వచ్చారు. చెంగిచెర్లలో పాప మేనమామ ఇంటి పక్కన గది దొరికిందట, పాపను అక్కడి బడిలో వేస్తారట. నేను టీసీ రాసి సంతకం పెట్టించి ఇచ్చాను. ఆమె తీసుకుని, కాస్త మొహమాటంగా అంది, “మేడం, కొత్త టీచర్‌కు జర ఒక కాయితం రాసియ్యున్రి. అక్కడ గూడ గసువంటి మిషన్ ఉంటే, మా పిల్లను తప్పనకుండ.”

కాగితం తీసుకున్నాను. రెండు వాక్యాలు రాశాక పెన్ను ఆగిపోయింది. ఆ పాప రికార్డులో పచ్చగా ఉన్న ఆ ఫలితం ఆమెతో పాటే కొత్త బడికి పోతుంది. దాన్ని నమ్మి ఇంకో టీచరు, అప్పుడు బాగా చదివి ఇప్పుడెందుకు తప్పుతున్నావని ఈ పిల్లను నిలదీస్తుంది. తల్లికి చదువు రాదు. నిజం రాసి మడిచి ఇచ్చేస్తే, నా ఎదుట ఎవరూ ఏమీ అనరు. ఆ లెక్క కూడా వేసుకున్నాను. వేసుకునే మిగతాది రాశాను.

మడిచి ఇచ్చాను. ఆమె దాన్ని కూతురి చేతికిచ్చి, “ఏం రాసిన్రు బిడ్డా, సదువు” అంది.

పాప కాగితం విప్పింది. నేను ఆపలేకపోయాను. ఏమని ఆపను? పాప కళ్లతో ఒక వాక్యం చూసుకుని, తల పైకెత్తి తల్లికి చెప్పింది. మళ్లీ ఒకటి చూసుకుని, మళ్లీ చెప్పింది.

“నేను మస్తు మంచిగ సదువుతనంట అమ్మా. అర్థం జేస్కొని సదువుతనంట. నన్ను జర నిమ్మలంగ సదవనియ్యాల్నంట.” మళ్లీ కాగితం చూసుకుంది. “మిషన్ల నా పేరు మీద పచ్చగ ఉన్నదాన్ని నమ్మద్దంట. గది నేను సదవలేదంట. టీచరే ఇంకో పిల్లతోని సదివిపిచ్చిందంట. పెన్సిళ్లు గందుకే ఇచ్చిన్రంట. తప్పు టీచర్‌దంట.”

నేను రాసిన దానిలో ఒక్క ముక్క వదల్లేదు, ఒక్కటి కలపలేదు. కాగితం నేను మడిచిన మడత మీదే మళ్లీ మడిచి తల్లికిచ్చింది.

ఆమె దాన్ని టీసీలో పెట్టి, టీసీని సంచిలో పెట్టింది. నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

“ఇన్ని దినాలు మిషన్‌దే తప్పనుకున్న మేడం” అంది.

తర్వాత కూతురి తల మీద చెయ్యి వేసి, “నిన్ను ఉత్తగనే కొట్టిన గదనే” అంటూ గేటు వైపు నడిచింది.